గ్లెనిస్ ఇచ్చిన కొసముక్క

న్యూపోర్ట్ రైలు కార్ఖానాలో బాయిలర్లు అతికే మనిషి కూతురు గ్లెనిస్. పుట్టింది అక్కడే, చదివింది అక్కడే. పదిహేనో ఏట బడి మానేసి బిస్కట్ల ఫ్యాక్టరీలో చేరింది కూడా రెండు స్టేషన్ల అవతలే. చిన్నప్పుడు ఆమెకు ఉరుమన్నా, కుక్కన్నా, తండ్రి కేకలన్నా లెక్కలేదు. భయమనేది ఆమెకు పెళ్ళయిన పదకొండేళ్ళకు ఇంట్లోకి వచ్చింది.

పెళ్ళినాటికి రాస్ మామూలు పోలీసు. నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చేది, తొడుక్కుని వెళ్ళేవాడు, సాయంత్రానికి వచ్చేవాడు. ఆ ఉద్యోగంలోనూ దెబ్బలూ, కత్తులూ ఉండేవి కానీ, ఆ చొక్కా మీద ఆమెకు నమ్మకం. దాన్ని చూసి ఎవరైనా ఒక్క క్షణమైనా ఆగుతారని. ఒక చలికాలంలో అతను ఆ చొక్కా మడిచి బీరువాలో పెట్టేశాడు. జుట్టు పెంచాడు, గడ్డం పెంచాడు, ఒక చెవి కుట్టించుకున్నాడు. పేరు మాత్రం రాస్ అనే ఉంచాడు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడాలి కదా, అందుకని సొంత పేరు ఉంచుతారట, ఇంటిపేరు మారుస్తారట. దొంగల్లో దొంగగా కలిసి తిరిగి, వాళ్ళ గుట్టు పైకి చెప్పే పని అది. ఊరికి తూర్పు చివర ఎక్కడో ఒక అద్దె ఇల్లు, ఒక పాత కారు, పెళ్ళాం బిడ్డలు లేని ఒంటిమనిషి అనే కథ. పదిరోజులకో పదిహేను రోజులకో ఒకసారి సొంత ఇంటికి వచ్చేవాడు. కారు రెండు వీధుల అవతల వదిలి, వెనక సందులోంచి.

ఇరుగుపొరుగుకు మాత్రం పడమటి రాష్ట్రంలో గ్యాసు బావుల దగ్గర పని అని చెప్పారు. ఆ పేటలో అలా దూరం పోయి పనిచేసే మగాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఎవరూ రెండో మాట అడగలేదు.

గ్లెనిస్ బడి క్యాంటీన్‌లో పిల్లలకు శాండ్‌విచ్‌లు చేసేది. కూతురు టీగన్‌కు తొమ్మిదేళ్ళు, నెట్‌బాల్ ఆడేది. ఆ ఏడే టీవీలో మంగళవారం సాయంత్రాలు ఒక నాటకం మొదలైంది. ఇలా మారుపేర్లతో తిరిగే పోలీసుల కథే, వాళ్ళ ఊరి వీధుల్లోనే తీసింది. వీధి వీధంతా చూసేది. బుధవారం క్యాంటీన్‌లో ఇక వేరే మాట ఉండేది కాదు. గ్లెనిస్ ఒక్క వారం చూసింది. అందులో దొంగల నాయకుడు తన మనిషిని అనుమానించి, నవ్వుతూనే, బీరు గ్లాసు అందిస్తూనే, తలుపు గడియ వేయమని పక్కవాడికి కళ్ళతో చెబుతాడు. ఆమె లేచి టీవీ ఆపేసింది. తర్వాత రాస్ వచ్చినప్పుడు అడిగితే అతను పగలబడి నవ్వాడు. "అదంతా ఒట్టిది గ్లెన్. నిజానికి రోజంతా కారులో కూచుని ఒంటికి వెళ్ళడానికి చోటు దొరక్క చావడమే మా పని" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. అయినా ఆ నాటకం మళ్ళీ పెట్టలేదు. కథ మాత్రం మొరీన్ చెప్పగా విని, చూసినట్టే తల ఊపేది.

మొరీన్ నెట్‌బాల్ క్లబ్బు స్నేహితురాలు. ఆ ఏడే క్లబ్బులో చేరింది, రాస్‌ని ఎప్పుడూ చూడలేదు.

రాస్‌ని కనిపెట్టి ఉండే పై అధికారి గ్రేమ్ ఒకసారి ఇంటికొచ్చి ఆమెను కూచోబెట్టి రెండే రెండు మాటలు చెప్పాడు. బయట ఎక్కడ కనిపించినా అతను నీకు ఎవరూ కాడు, ఇది ఒకటి. ఎక్కడైనా ఎదురుపడితే, ఏ చిన్నది జరిగినా, ఈ నంబరుకు ఫోన్ చెయ్యి, అది పెద్దదో చిన్నదో నువ్వు తూకం వెయ్యొద్దు, ఇది రెండు. మొదటిది నేర్చుకోవడానికి మొగుడూ పెళ్ళాం కూరగాయల మార్కెట్‌లో ఎదురెదురుగా నడిచి చూశారు కూడా. గ్లెనిస్ కళ్ళు కూడా తిప్పకుండా బంగాళాదుంపలు ఏరుకుంటూ అతన్ని దాటిపోయింది. రాస్ మెచ్చుకున్నాడు. ఆరోజు ఆమెకు అన్నం సయించలేదు.

రెండో మాట మీద మాత్రం రాస్‌ది వేరే మాట. పద్నాలుగో నెలలో ఒకరోజు వచ్చినప్పుడు అన్నాడు. "ఇంక నాలుగు వారాలు. అందరూ ఒక్క చోట దొరుకుతారు. ఈలోపల నువ్వు గ్రేమ్‌కి ఫోన్ చేశావంటే వాడు భయపడి అంతా ఆపేస్తాడు. నేను చెప్తే తప్ప చెయ్యకు." ఆమె సరేనంది. అతను వెళ్ళాక, సరేనన్నందుకు కూచుని ఏడ్చింది.

ఆ వచ్చిన శనివారం, ఇనుపసామాన్ల పెద్ద దుకాణం గుమ్మం పక్కన క్లబ్బు సాసేజ్‌లు కాల్చి అమ్మే బల్ల పెట్టుకుంది. పిల్లల కొత్త ఆటబట్టల డబ్బు కోసం. ఆ ఊళ్ళో వారం వారం ఏదో ఒక క్లబ్బు అలా పెట్టుకుంటుంది. మేకులు కొనడానికి వచ్చినవాడు కూడా ఒక సాసేజ్ తినకుండా పోడు. గ్లెనిస్, మొరీన్ పొద్దుటి వంతు. బల్లకు పిల్లల క్లబ్బు పేరూ, ఫోన్ నంబరూ రాసిన గుడ్డ కట్టి ఉంది, ఇద్దరి చొక్కాల మీదా పేర్లు రాసిన కాగితాలు అంటించి ఉన్నాయి. టీగన్ ఆ వేళకు మైదానంలో ఆటలో ఉంది. అది ఒక్కటే ఆరోజు కలిసొచ్చింది.

పదకొండు గంటలకు వరసలో ముగ్గురి వెనక రాస్ కనిపించాడు.

పక్కనున్నవాడు పొట్టిగా, శుభ్రంగా గడ్డం గీసుకుని, చేతిలో రెండు పెద్ద తాళంకప్పలు పట్టుకుని ఉన్నాడు. పొట్టిగా, ఎప్పుడూ నున్నగా గీసుకుని ఉంటాడని రాస్ ఎప్పుడో నోరుజారి చెప్పిన ముఠామనిషి లిండ్సే వీడేనని ఆమెకు అర్థమైంది. రాస్ కళ్ళు ఆమె మీద ఆగలేదు. ఆమె కళ్ళు కూడా ఆగలేదు. చూపును కట్టేసుకుంది, నోరు కట్టేసుకుంది. చేతుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ వంతు వచ్చింది. రెండు, అన్నాడు లిండ్సే. గ్లెనిస్ ఒక మెత్తని బ్రెడ్డు ముక్కలో సాసేజ్ పెట్టి, ఉల్లిపాయలు వేసి అతనికిచ్చింది. రెండోదానికి ఆమె చెయ్యి బ్రెడ్డు సంచి అడుక్కి వెళ్ళింది. చివరన గట్టిగా, తోలులా ఉండే కొసముక్క తీసింది. పెనం మూలన మాడిపోయిన సాసేజ్ ఏరి అందులో పెట్టింది. రాస్ ఏడుగురు పిల్లల ఇంట్లో ఆఖరివాడు. అతని దాకా వచ్చేది ఎప్పుడూ కొసముక్కే, మాడిందే. అదే నాలుకకు పట్టింది. పన్నెండేళ్ళుగా ఆమె అతనికి అలాగే పెడుతోంది. ఇచ్చేదాకా ఏమిచ్చిందో ఆమెకే తెలియలేదు. బల్ల మీద కొసముక్కలు ఎవరికీ ఇవ్వరు. అవి సముద్రపు పిట్టలకు వేస్తారు.

రాస్ కూడా చూసుకోలేదు. అందుకుని, కొరికి, నమలడం మొదలుపెట్టాడు.

లిండ్సే తన ముక్క వంక చూసుకున్నాడు. రాస్ ముక్క వంక చూశాడు. "ఏమ్మా, మావాడికి పిట్టల కూడు పెట్టావేంటి? నీకేం అన్యాయం చేశాడు?" అన్నాడు.

అప్పుడు తెలిసింది గ్లెనిస్‌కు. మొరీన్ పక్కనే ఉంది, వరసలో జనం ఉన్నారు. ఏదో ఒకటి అనాలి. "గడ్డం గీసుకుని వస్తే మంచి ముక్క ఇద్దును. అలా వచ్చేవాళ్ళకి అంతే" అంది. వెనకున్న వాళ్ళు నవ్వారు. మొరీన్ అందరికంటే గట్టిగా నవ్వింది.

"నా మొహం చూస్తే మా అమ్మకీ ఇలాగే అనిపించేది" అన్నాడు రాస్.

లిండ్సే కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రమే. "అయినా తిట్టుకోకుండా తింటున్నావు చూడు. ఇంట్లో కూచుని తింటున్నట్టు తింటున్నావు" అన్నాడు. తర్వాత ఆమె చొక్కా మీది కాగితం వంక వంగి చదివాడు. "గ్లెనిస్. మా పిన్ని పేరు. వస్తాం గ్లెనిస్."

వాళ్ళు వెళ్ళారు. మధ్యలో వెళ్ళిపోతే అనుమానమని ఆమె తన వంతు అయ్యేదాకా నిలబడింది. ఉల్లిపాయలు కోసింది, పెనం గీకింది. ఆ గడ్డంవాడు బానే ఉన్నాడు, వాడికి అలా పెట్టావేంటి మహాతల్లీ అని మొరీన్ ఆటపట్టిస్తుంటే తల ఊపింది. వేళ్ళకు నూనె చింది కాలినా తెలియలేదు.

ఇంటికి వచ్చి ఫోన్ ముందు కూచుంది. నంబరు కంఠతా వచ్చు. చేస్తే పద్నాలుగు నెలల కష్టం బూడిదవుతుంది, రాస్ జన్మలో క్షమించడు. ఇలాగే తొందరపడి ఫోన్ చేసిన ఇంకొక పోలీసు పెళ్ళాం సంగతి ఆమెకు తెలుసు, ఆ మొగుడు ఏడాది తిరక్కుండా ఇల్లు వదిలిపోయాడు. చెయ్యకపోతే? కట్టుకున్న పెళ్ళాం కూడా నీ ఇష్టం ఇంత బాగా గుర్తుపెట్టుకోదురా అని ఎవడో ఎక్కడో నవ్వుతూ తలుపు గడియ వేస్తాడు. వాడు నవ్వి ఊరుకున్నాడులే అని ఒకసారి తనకు తనే చెప్పుకునేది. ఇంట్లో కూచుని తింటున్నట్టు అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకునేది. శనివారమంతా అలాగే గడిచింది. టీగన్ ఆట గెలిచానని చెబితే దేంట్లో అని అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ తనే మోగింది. మొరీన్. క్లబ్బు నంబరుకు ఎవరో మగమనిషి ఫోన్ చేశాడట. నిన్న బల్ల దగ్గర నల్ల కళ్ళజోడు మరిచిపోయాడట. గ్లెనిస్ అనే ఆవిడ తీసిపెట్టి ఉంటుంది, ఆవిడ ఇంటిపేరేంటి, ఎక్కడుంటుంది అని అడిగాడట.

"చెప్పావా?" అంది గ్లెనిస్.

"ఇంటిపేరు చెప్పాను. ఇల్లు నువ్వే చెప్పుకో అన్నాను. ఏం, కళ్ళజోడు నీ దగ్గర లేదా?"

"చూస్తాను" అని పెట్టేసింది. బల్ల మీద కళ్ళజోడు ఏదీ లేదు. ఉన్నా ఆమె చూసే స్థితిలో లేదు. నిజంగానే ఎవడో మరిచిపోయిన మనిషే కావచ్చు. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె ఇంకో పది నిమిషాలు కూచుంది. పెరట్లో టీగన్ గోడకేసి బంతి కొడుతోంది. బంతి చప్పుడు ఆగింది. పరిగెత్తి చూస్తే పిల్ల బూటు తాడు కట్టుకుంటోంది.

లోపలికి వచ్చి గ్రేమ్‌కు ఫోన్ చేసింది.

అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అంతా విని, పిల్లకు రెండు జతల బట్టలు సర్దు, తలుపు నేను చెప్పిన మనిషికే తియ్యి అన్నాడు. గంటలో తెల్ల వ్యాను వచ్చింది. తల్లీకూతుళ్ళను దూరంగా బల్లారట్ ఊళ్ళో, రోడ్డు పక్క ఒక మోటెల్ గదిలో దింపింది. ఇదంతా ఏంటమ్మా అని టీగన్ అడిగితే నాన్నను చూడ్డానికి అంది. అలా అనేసి, నాన్న రాకపోతే ఏం చెప్పాలో ఆలోచిస్తూ కిటికీ తెర పట్టుకుని నిలబడింది.

సోమవారం పొద్దున నీలం చొక్కాల పోలీసులు రాస్ కారును రోడ్డు మీద ఆపి, పాత జరిమానాలు కట్టలేదని బేడీలు వేసి తీసుకుపోయారు. తమ మనిషిని అనుమానం రాకుండా బయటికి లాగాలంటే వాళ్ళు చేసేది అదే. పక్క సీట్లో లిండ్సే ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రాస్ మోటెల్ గది తలుపు కొట్టాడు. టీగన్ ఎగిరి మెడకు చుట్టుకుంది. గ్లెనిస్ అతని చేతులూ, మొహం, మెడ, దెబ్బలేమైనా ఉన్నాయేమోనని తడిమి చూసింది. అతను ఆమె చేతులు పట్టుకుని పక్కకు జరిపాడు. "పద్నాలుగు నెలలు, గ్లెన్. ఇంక నాలుగు వారాలు ఆగలేకపోయావు" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే మూడు నెలలు ముభావంగా ఉన్నాడు.

న్యూపోర్ట్ ఇంటికి వాళ్ళు మళ్ళీ వెళ్ళలేదు. సామాను ఎవరో సర్ది పంపారు. సముద్రం దాటి టాస్మేనియాలో ఒక చిన్న రేవు ఊళ్ళో వేరే ఇంటిపేరుతో ఇల్లు ఇచ్చారు. మొరీన్‌కు ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి కూడా వీల్లేదన్నారు. లిండ్సేకు చిన్న నేరానికి చిన్న శిక్ష పడింది, మిగతావాళ్ళు చెయ్యి జారిపోయారు. రాస్ కొత్త స్టేషన్‌లో బల్ల ముందు కాగితాలు చూసే పనిలో చేరాడు. పెట్టింది తినేవాడు, పిల్లతో మాట్లాడేవాడు. గ్లెనిస్‌తో మాత్రం ఉప్పు అందుకోవడం దగ్గరే మాట ఆగిపోయేది. అతను బతికి ఉన్నాడు, అది చాలనుకుంది. ఆమె ఊళ్ళో దుకాణానికి వెళ్ళినప్పుడు, పొట్టిగా నున్నగా గీసుకున్న మనిషి ఎవడు కనిపించినా పక్క సందులోకి తిరిగిపోయేది.

ఒక శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే రాస్ వచ్చి వెనక నిలబడ్డాడు. సాసేజ్‌ల బల్ల రోజున కారులో జరిగింది చెప్తానన్నాడు.

దుకాణం నుంచి బయల్దేరాక కారు రాస్ నడిపాడట, పక్కన లిండ్సే. నది మీద కొండంత ఎత్తున ఉండే పెద్ద వంతెన మీదికి ఎక్కేదాకా తాళంకప్పలు చేతిలో తిప్పుతూ కూచున్నాడట. వంతెన మధ్యకు వచ్చాక, "నీ పిల్లకి ఎన్నేళ్ళు రాస్?" అని అడిగాడట.

గ్లెనిస్ చేతిలోని దుప్పటి సగం తీగ మీద, సగం కింద ఉండిపోయింది. "నువ్వేమన్నావు?"

"పెళ్ళే కాలేదు, పిల్లెక్కడిది అన్నాను. నవ్వాడు."

"గ్రేమ్‌కి చెప్పావా?"

"లేదు."

"మర్నాడు కూడా చెప్పలేదా?"

"చెప్తే ఆపేస్తారని చెప్పలేదు" అన్నాడు రాస్. "వాడికి నా భయం కనబడకూడదని స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. నాకే సంగతి తెలుసు, అయినా మూడు నెలలు తప్పంతా నీ మీదే పెట్టాను."

ఆమెకు కోపం రావాల్సింది. వచ్చింది భయమే. వంతెన మీద ఆ కారూ, అందులో ఇద్దరూ, ఇద్దరికీ తన కూతురి సంగతి తెలిసి ఉండటమూ కళ్ళముందు కనబడి, దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అతను దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ కలిసి తీగ మీద వేశారు.

టీగన్ ఆట అయ్యే వేళయింది. గ్లెనిస్ ఎప్పటిలాగే ఒక్కతే బయల్దేరబోతే, ఆగు, నేనూ వస్తాను అన్నాడు. మైదానం దాకా ఇద్దరూ నడిచారు. దారి పొడుగునా రాస్ రెండు అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ అలా చూసింది ఆమె ఒక్కతే.