వంకర పోయిన ఎర్ర చార

అడగదు తల్లీ. ‘ఆ ముసలావిడ తన శాలువా ఏదని అడగదా అమ్మమ్మా’ అని ఫోన్‌లో అన్నావు కదా. ఐర్లాండ్ మ్యూజియంలో నువ్వు చూసిన ఆ ఉన్ని శాలువాని ఒకప్పుడు కప్పుకున్న ముసలావిడ ఎప్పుడో పోయి ఉంటుంది. ‘నా శాలువా ఏది’ అని ఎవరిని అడుగుతుంది? నువ్వు పంపిన ఫొటోలో శాలువా పక్కన ఎర్ర ఉన్ని పావడా కూడా ఉంది, కింద చీటీ ఉంది. చీటీ మీద నేసినామె పేరు, ఆమె ఊరు ఉన్నాయని నీ తమ్ముడు చదివి చెప్పాడు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీరు ఫోన్ పెట్టేశాక పొయ్యి కూడా వెలిగించలేదు. ఒక్కదానికి ఏం వండుకుంటాను.

మా అమ్మ గుడ్డ కూడా ఇక్కడ అద్దాల్లో ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

మేం గదబలం, కొండవాళ్లం. అమ్మ కాలంలో ఆడది తన గుడ్డ తానే నేసుకునేది. కొండ మీది పొదల నుంచి నార తీసి, ఎండబెట్టి, దారం చేసి, రంగులద్ది, అరుగు మీద కాళ్లు చాపుకుని చిన్న మగ్గం మీద నేసేది. పొట్టి చారల గుడ్డ. కొత్తలో అట్టలా బిరుసుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడేది. అమ్మ చివరగా నేసినదాంట్లో ఒక ఎర్ర చార వంకర పోయింది. నేనప్పుడు పాకే పిల్లని, వెళ్లి మగ్గం మీద పడ్డానట. అమ్మ విప్పి సరిచేయలేదు. పండక్కి కట్టుకున్నప్పుడల్లా ఆ చార మీద వేలు పెట్టి, "ఇదిగో, నీ కాలు" అనేది.

నాకు ఆ గుడ్డంటే సిగ్గు. సంతలో కొన్న చీరలే కట్టేదాన్ని. మీ అమ్మ ఇంకా పుట్టని రోజుల్లో, మ్యూజియం కోసం పాత గుడ్డలు సేకరించేవాళ్లు జీపులో వచ్చారు. అమ్మ చోళ్లు కోయడానికి కొండకెళ్లింది. దండెం మీదున్న ఆ వంకర చార గుడ్డ తీసి ఇచ్చేశాను. బదులుగా వాళ్లు పూల నైలాన్ చీర ఇచ్చారు. అమ్మ తిరిగొచ్చేసరికి అది కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

"నా గుడ్డ ఏదే గుంటా?"

"జీపోలు అట్టుకెల్లినారమ్మా. అద్దాల బీరువాలో ఎడతారంట."

"అద్దాల్లోనా? ఎవులు కడతారే దాన్ని?"

"బొమ్మకి కడతారంట."

"ఓలమ్మో, బొమ్మకా! దానికి సలేత్తాదేటి?" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ ఆ గుడ్డ ఊసెత్తలేదు. మగ్గం ముందు కూడా కూర్చోలేదు. ఇంకో గుడ్డకని తీసిపెట్టుకున్న నార కట్ట అటక మీద ఎలకల పాలైంది. అమ్మ పోయిన రోజు సంతలో కొన్న తెల్లగుడ్డే కప్పాం.

మీ ఫొటో వచ్చిన మర్నాడు ఆటో ఎక్కి ఇక్కడి మ్యూజియానికి వెళ్లాను. ఇన్నేళ్లూ వెళ్లలేదు. అద్దం వెనక బొమ్మకి చారల గుడ్డ కట్టారు. కొండ కిందివాళ్ల చీరలాగా కుచ్చిళ్లు పెట్టారు, ఆ బిరుసు గుడ్డకి! చీటీ మీద ‘గదబ స్త్రీ వస్త్రం’ అని ఉందని అక్కడ కాపలా ఉన్నామె చదివి చెప్పింది. అంతే ఉందట. ముందువైపు చారలన్నీ తిన్నగానే ఉన్నాయి. మిగతా సగం వెనక్కి, గోడ వైపు పోయింది.

"అమ్మా, ఒక్కపాలి ఆ బొమ్మని తిప్పవా? దాని ఈపు సూడాల."

"బొమ్మ ఈపుతో నీకేటి పనవ్వా?" అని ఆమె నవ్వేసింది. "తాళాలు మా సారు కాడున్నాయి. ఆయనెప్పుడొత్తారో నాకే తెల్దు."

అద్దానికి చెంప ఆనించి చూశాను. గోడకీ బొమ్మకీ మధ్య చీకటి తప్ప ఏమీ కనపడలేదు. మళ్లీ వెళ్తాను. వంకర చార కనిపిస్తే మీకు ఫొటో తీయించి పంపుతాను.

కనిపించినా నాకు కావలసింది అది చెప్పదు. అమ్మ మంచాన పడ్డ ఏడాది, అంబలి తాగిస్తూ ఒకసారి అడిగాను. అమ్మ గిన్నెలోకే చూస్తూ, "సల్లారిపోనాది, బేగి నోట్లో పొయ్యి" అంది. నేను అడిగింది ఇదే తల్లీ.

"అమ్మా, ఇంకోటి ఎందుకు నేసుకోనేదే?"