ఆ ఆదివారం బావగారు చెప్పబోయిన మాట

అక్కతో నాకు రక్తసంబంధం ఏమీ లేదు. స్టాఫ్ రూములో పద్నాలుగేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం, అంతే. ఆస్పత్రుల్లో వార్డు పనికీ, రిసెప్షన్ పనికీ వెళ్ళబోయే పిల్లలకి మా సంస్థలో శిక్షణ ఇస్తారు. నేను ప్రథమ చికిత్స చెబుతాను. అక్కది కమ్యూనికేషన్.

ఆ సబ్జెక్టంటే పిల్లలకి మొదట్లో చులకన. "మాట్లాడటం కూడా నేర్పాలా మేడమ్?" అనేవారు. అక్క జవాబు చెప్పేది కాదు. ఎవరో ఒకర్ని ముందుకి పిలిచి, చెవిలో ఒక నొప్పి పేరు చెప్పి, నోరు విప్పకుండా క్లాసుకి తెలియజెయ్యమనేది. వాడు నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే వెనక బెంచీల నుంచి "కాన్పు మేడమ్!" అని కేకలు. క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాక అప్పుడు బోర్డు మీద రాసేది: నోటి మాట, రాత, సైగ, బొమ్మ. "ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి పట్టాలి. అవతలి మనిషికి అర్థం కాలేదంటే తప్పు చెప్పేవాళ్ళదే" అనేది. పక్క గదిలో కట్లు కట్టడం నేర్పుతూ ఈ మాట గోడ ఇవతల నుంచి ఎన్నిసార్లు విన్నానో.

బావగారు బస్సు కండక్టరు. ఆయన నోటికి తాళం లేదు. "జరగండి బాబూ జరగండి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి ఏ మామగారూ పిల్లనివ్వడు" అంటే బస్సు బస్సంతా నవ్వుతూ లోపలికి జరిగేది. "మీ అక్క మాట నలభైమంది పిల్లలు వినరు, నా మాట బస్సెడు జనం వింటారు. ఇప్పుడు చెప్పు మరదలా, పాఠం ఎవరికొచ్చు?" అని నన్ను తగువులోకి లాగేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఉండేది ఇద్దరే అయినా మెట్లెక్కుతుంటేనే ఇంట్లో పదిమంది ఉన్నట్టు గోల వినిపించేది.

ఒకనాడు పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఆయన కూలిపోయారు. పక్షవాతమన్నారు, మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచారు. ప్రాణం దక్కింది. కుడి కాలు ఈడ్చుకుంటూ నడవగలిగారు. కుడి చెయ్యి సగం తిరిగొచ్చింది. మాట మాత్రం పోయింది. సరిగ్గా చెప్పాలంటే ఒక్కటి మిగిలింది. "అదే." నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే. నన్ను చూడగానే మొహం వెలిగించుకుని "అదే, అదే, అదే!" అన్నారు. ఏదో వేళాకోళం చేశారని గొంతును బట్టి తెలిసింది. అదేమిటో తెలియలేదు.

అక్క మొదట్లో బెదరలేదు. "నోరు పోతే పోయింది, ఇంకా మూడు దారులున్నాయి కదే" అంది నాతో. ఎడమ చేతికి పలక ఇచ్చింది. పిచ్చిగీతలు తప్ప ఒక్క అక్షరం పడలేదు. మాటలు నేర్పించే డాక్టరమ్మ అక్కని బయటికి పిలిచి చెప్పింది.

"చెయ్యి సంగతి కాదండీ. మాటలుండే చోటే దెబ్బతింది. నోటికి రానిది చేతికీ రాదు. సైగలు కూడా తారుమారవుతాయి, ఓపిక పట్టండి."

నిజంగానే తారుమారయ్యాయి. అవుననాల్సిన చోట తల అడ్డంగా ఊపేవారు. పొరపాటు తనకే తెలిసి, ఆ ఎడమ చేత్తోనే నుదురు కొట్టుకునేవారు. అక్క క్లాసులో వాడే బొమ్మల అట్ట ఇంటికి పట్టుకొచ్చింది. మంచం, గ్లాసు, మందు సీసా, ఏడుస్తున్న మొహం. ఆయన వేలు గ్లాసు మీద ఆగేది, తెచ్చిస్తే తోసేసేవారు, మళ్ళీ గ్లాసునే చూపించేవారు.

చూడ్డానికొచ్చిన ఆడపడుచు వంటగది గుమ్మంలో నిలబడి, "ఊరందరికీ మాటలు నేర్పుతావు. మా అన్నయ్యకి ఒక్క మాట నేర్పలేకపోయావా వదినా?" అంది. ఎత్తిపొడుపు కాదు, ఏడుస్తూనే అంది. అందుకే అక్కకి మరీ లోతుగా దిగింది.

ఆ నెలలో కొత్త బ్యాచ్‌కి అక్క మొదటి చాప్టరు మొదలుపెట్టింది. ముందు బెంచీ అమ్మాయి లేచి, "అన్ని రకాలుగా చెప్పినా అవతలివాళ్ళకి అర్థం కాకపోతే మేడమ్? అప్పుడు తప్పెవరిది?" అని అడిగింది. గోడ ఇవతల నేను రోలరు బ్యాండేజీ చుడుతూ ఆగిపోయాను. సుద్దముక్క బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చివరికి అక్క గొంతు వినిపించింది. "అది సిలబస్‌లో లేదమ్మా. కూర్చో."

తర్వాత వచ్చిన ఒక ఆదివారం గురించి అక్క నాకు రెండు నెలలకి గానీ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన ఉన్నట్టుండి మంచం మీద నిటారుగా కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నారు. "అదే" అన్నారు. ఎప్పటిలా కాదు, గొంతు తగ్గించి, కళ్ళలోకి చూస్తూ అన్నారు. కిటికీ చూపించారు. అక్కని చూపించారు. తన గుండె మీద అరచెయ్యి వేసుకున్నారు.

"నొప్పా? గుండెలో నొప్పా ఏమండీ?"

కాదు. కసురుకున్నారు. మళ్ళీ కిటికీ, మళ్ళీ అక్క, మళ్ళీ గుండె.

అక్క కిటికీ తీసింది, మూసింది. మీ చెల్లెల్ని పిలిపించమంటారా అని అడిగింది. బొమ్మల అట్ట తెస్తే దాన్ని మంచం కిందికి తోసేశారు. బీరువాలోవన్నీ తీయడం మొదలుపెట్టింది. ఫొటోలు, ఇంటి కాగితాలు, మందుల చీటీలు, పాత చేతిగడియారం, ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. కండక్టరు చొక్కా తీసినప్పుడు "అదే!" అని గట్టిగా అన్నారు. అక్కకి ప్రాణం లేచొచ్చింది. జేబులు వెతికింది, మడతలు విప్పింది, డిపో గురించి వంద ప్రశ్నలు వేసింది. కాసేపటికి ఆయన కళ్ళు మూసుకుని తల అటు తిప్పేశారు. చొక్కా కూడా కాదు.

మూడు గంటలు గడిచాయి. గదిలో అడుగు పెట్టడానికి చోటు లేకుండా నేలంతా సామాన్లు. అక్క వాటి మధ్య చతికిలబడి, చేతిలో ఏముందో కూడా చూసుకోకుండా ఏదో ఒకటి పైకెత్తి, "ఇదా?" అంది. అది చిరిగిపోయిన గొడుగు.

ఆయన ఆవిడ వంక చూశారు. ఒంగి ఆవిడ భుజం తట్టారు. నవ్వి, "అదే" అన్నారు. అదే, అదే అంటూ తలూపి, ఇంక లేవమన్నట్టు చెయ్యి అందించారు.

"అబద్ధమేనే" అంది అక్క నాతో, టీ గ్లాసు చల్లారిపోతుండగా. "నన్ను చూడలేక అన్నారు. ఆర్నెల్లలో ఆయన చెప్పింది నాకు సాంతం అర్థమైంది ఆ ఒక్కటే."

ఆ రోజుతో ఆయన ప్రయత్నం మానేశారు. అక్క ఏం పెడితే అది తినేవారు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చునేవారు. "అదే" కూడా రోజురోజుకీ తగ్గింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొహం కేసి చూడకుండా నేలచూపులు చూసేవారు. నాలుగు వారాలయ్యాక ఆవిడే ఇంక తీసుకురావద్దంది. ఎండాకాలం పోకముందే రెండోసారి పక్షవాతం వచ్చింది. రెండు రోజులు స్పృహ లేకుండా ఉండి, మూడోనాడు మధ్యాహ్నం పోయారు. అక్క పక్కనే ఉంది. చెప్పడానికీ వినడానికీ అక్కడ ఏమీ లేకపోయింది.

అన్నీ అయ్యాక అక్క ఆ ఆదివారం సంగతి పట్టుకుని తిరిగింది. ఆడపడుచుని అడిగింది. ఆవిడకి తెలియదు. బావగారితో పన్నెండేళ్ళు ఒకే బస్సు నడిపిన డ్రైవరు ఇంటికి నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "ఏమో చెల్లెమ్మా. వాడు నాతో చెప్పిందంతా నవ్వులాటే. లోపలి మాటలు నీతోనే చెప్పుకుంటాడు అనుకునేవాణ్ణి" అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నానన్నయ్యా" అంది అక్క.

వెనక్కి వస్తూ అక్క ఎదురుపడ్డ ప్రతి బస్సు వంకా చూస్తూ నడిచింది. నేనే ఊరుకోలేక, "పెద్ద విషయం కాకపోవచ్చక్కా. కిటికీలోంచి గాలి రావట్లేదనో ఏమో" అన్నాను.

"అయుండొచ్చు" అంది. "అదైనా తెలియలేదు కదా."

అక్కకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ సబ్జెక్టు వద్దు, రికార్డు గదికి మార్చమని ప్రిన్సిపాల్‌ని అడిగింది. చెప్పేవాళ్ళు వేరే లేరన్నాడాయన. ఇప్పుడు అక్క ఎవర్నీ ముందుకి పిలవదు. కుర్చీలో కూర్చుని నోట్సు చదువుతుంది, పిల్లలు రాసుకుంటారు. గోడ ఇవతలికి కలాల చప్పుడు కూడా రాదు. మొన్న పరీక్షల్లో ఆవిడ సబ్జెక్టులో అందరూ పాసయ్యారు, ఎప్పటికంటే మంచి మార్కులతో. ఆ మార్కుల కాగితం నేను బల్ల మీద పెట్టి చూపిస్తే ఒకసారి చూసి పక్కన పెట్టింది. సాయంత్రాలు స్టాఫ్ రూములో నేను బ్యాగు సర్దుకుంటూ, "వెళ్దామా అక్కా?" అంటే, "నువ్వెళ్ళు" అంటుంది. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడేదాకా ఆ కుర్చీలోంచి లేవదు.