అత్త బీడుకు నేను పట్టిన చీపురు

మొన్న తుడియలూరు నుంచి మేట్టుపాళయం వెళ్తుంటే, బస్సు కొత్త రోడ్డెక్కగానే కళ్ళు మూసుకున్నాను. ఆ తారు కింద మా మేనత్త బీడుంది. ఆమె మేకలు మేపుకున్న నేల అది: తెల్లతుమ్మలు, ముళ్ళకంచె, మోకాలెత్తు గడ్డి, మధ్యలో ఎండి నిలిచిన తొర్ర చెట్టు. రోడ్డు అటుగా వస్తుందని తెలిసి అర్జీల మీద అర్జీలు రాసింది నేనే. చివరికి కబురొచ్చింది. ఒక పరిశీలకురాలు వచ్చి, ఆ నేలలో సహజంగా పెరిగిన చెట్టూ చేమా ఏ స్థితిలో ఉన్నాయో చూసి మార్కులు వేస్తుంది. మంచి మార్కులొస్తే రోడ్డు పక్కకు జరుగుతుంది.

సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కే మనిషిని నేను. ఆఫీసరు వస్తోందనగానే మాత్రం మా వాళ్ళందరిలాగే, పెళ్ళిచూపులకు వాకిలి సర్దినట్టు బీడు సర్దడానికి దిగాను. కూలీలను పెట్టి పడిన కొమ్మలు ఏరించాను, రాలిన ఆకులు ఊడిపించాను, పొదలు నరికించాను. తొర్ర చెట్టు మీద గొడ్డలి పడబోతే అత్త అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టొద్దు సామీ. లోపల గుడ్లగూబ ఉండాది."

"కొడితే అరిష్టమా అత్తా? ఇంకా ఆ కాలంలోనే ఉండావా?" అని నవ్వి, శకునాల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కూలీలూ నవ్వారు. చెట్టు పడింది. ఆ మొద్దును కూడా బండికెత్తించి పంపేశాను.

పరిశీలకురాలు తాడుతో నేల మీద చదరం పరిచి, చేతిలో కాగితం చూస్తూ తమిళంలో అడిగింది: పడిన కొయ్య ఎక్కడ? ఆకుల పొర ఎక్కడ? తొర్రలున్న పాత చెట్లు ఎక్కడ? పురుగూ పిట్టా బతికేది వాటిలోనేనట. "అంతా సుత్తం చేయించానమ్మా" అన్నాను గర్వంగా. ఆమె నా వైపు జాలిగా చూసి, కాగితంలో వాటికున్న గడులన్నిటిలో సున్నాలు పెట్టింది. ఆ కాగితం నమూనా నాకు ముందే పంపారు. నేను చదవలేదు.

అత్త ఏడవలేదు. "సున్నా ఏసిందా? సదువుకున్నోడివి గదా, ఇంత పని నీకే చేతనవును" అంది. మేకలను తోలుకుంటూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "శకునమని నీకెవురు చెప్పినారప్పా? అది ఏర్లు కొరికే ఎలకల్ని తినేది. గడ్డి ఏర్లు నిలిచేది దానివల్లే. ఎందుకత్తా అని అడిగింటే చెప్పేదాన్నే."

ప్రతిదాన్నీ ఎందుకని అడగమని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి నేను. ఆ చెట్టు ఎండి, తొర్రపడి, ఒక పక్షికి ఇల్లు కావడానికి అత్త ఆయుష్షంతా పట్టింది. ఎందుకని అడగడానికి నాకు ఎంతసేపు పట్టేది?