జవాబు కోసం ఆగే ఆట

ఆదివారం భోజనాలయ్యాక, ఈ బెంగాలీ ఊళ్లో మేముండే తాల్‌బగీచా పేటలో ఎవరూ మాట్లాడరు. వీధిలో రిక్షా బెల్లు కూడా నిద్రలో మోగినట్టే వినిపిస్తుంది. దూరంగా యార్డులో బోగీలు ఒకదాన్నొకటి తాకుతాయి, కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోతుంది. ఆ వేళప్పుడు నేనూ మా ఆయనా మంచం మీద ఎదురెదురుగా కూర్చుని పిల్లల కార్డులాట ఆడతాం. చెబితే నవ్వుతారు. ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా, నేను బడిలో లెక్కల టీచర్ని.

కార్డులు మా అమ్మాయివి. హాస్టల్‌కి వెళ్తూ, "నేనొచ్చేసరికి ఇద్దరూ నేర్చుకోండి" అని మా చేతుల్లో పెట్టి పోయింది. రాక్షసులు, మంత్రగత్తెలు, రెక్కల గుర్రాలు. ప్రతి కార్డు అడుగునా చీమల బారులా ఇంగ్లీషు. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్ని కార్డుల్లో ఒక శక్తి దాగి ఉంటుంది. అది ఊరికే పనిచేయదు. కార్డును అడ్డంగా తిప్పి, "ఇది వాడుతున్నాను" అని పైకి చెప్పాలి. చెప్పగానే జరిగిపోదు, ఎదుటివాళ్లకు జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. వాళ్లు కూడా తమ కార్డు శక్తిని వాడితే, చివర చెప్పినదే ముందు జరుగుతుంది. ఈ తిరకాసు నా బుర్రకెక్కడానికి చాలా ఆదివారాలు పట్టింది.

ఒకరోజు నా విలుకాడిని తిప్పి ఆయన వైద్యురాలి మీదికి బాణం వేశాను. "ఐపోయింది, తీసీండి" అన్నాను. ఆయన తాపీగా కళ్లజోడు సర్దుకుని, అదే వైద్యురాలిని అడ్డంగా తిప్పి తన సైనికుడి గాయం మాన్పారు.

"సచ్చిపోయినదాన్ని ఎలా తిప్పుతారండీ? నేను ముందన్నాను కదా!"

"అన్నావు. ఇంకా అవనేదు," అన్నారు. "నువ్వనడానికీ అది అవడానికీ మజ్జిన నాకు జాగా ఉంది."

గాయం మానింది, ఆ తర్వాతే వైద్యురాలు చచ్చింది. సాయంత్రం టీ దాకా ఆయనతో మాట్లాడలేదు నేను.

కానీ రానురాను ఆ మధ్య జాగా మీద నాకు మోజు పుట్టింది. కార్డు తిరిగింది, ఇంకా ఏమీ జరగలేదు. పరదా మెల్లగా ఊగుతుంది. నా బాణం మంచానికీ కిటికీకీ మధ్య ఎక్కడో గాల్లో తేలుతూ ఉన్నట్టే అనిపిస్తుంది. రూలు ప్రకారం ఆయన ప్రతిసారీ "ఏటైనా ఉందా?" అని నా జవాబు కోసం అడుగుతారు. నేను సగం నిద్రలో "కానీండి" అంటాను. సంసారంలో ఈ అడగడం లేదు. ఫ్రిజ్ రంగు దగ్గర్నుంచి పిల్ల కాలేజీ దాకా అన్నీ అయిపోయాకే నాకు తెలిసేవి. నేను ఒకపూట అరిచి, మళ్లీ అన్నం వడ్డించేదాన్ని.

మొన్న వానాకాలం, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన వంతు వచ్చినా కార్డు తిప్పలేదు. చేతిలోవి బోర్లించి పెట్టారు.

"విశాఖకి బదిలీ అడిగితే ఇస్తారంట. రేపు అడిగేద్దామనుకుంటున్నాను," అన్నారు. కొంచెం ఆగి, "ఏటైనా ఉందా?" అన్నారు.

మా తాతలు రైల్వే కార్ఖానా పనికి వచ్చిన ఊరు ఇది. నా బడి, గోల్‌బజార్లో నన్ను చూడగానే నాకని మంచి చేప పక్కన పెట్టే చేపల దాదా, గోడ అవతలి నుంచి పిలిచే పక్కింటి దీదీ, అందరూ ఒక్కసారిగా కళ్ల ముందు మెదిలారు. భయం వేసింది, నిజంగా.

"ఉంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాకిష్టం లేదు. అక్కడ నోరిప్పితే బెంగాలీదానివా అంటారు. ఇక్కడే పుట్టినాను, ఇక్కడే ఉంటాను."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మరి కోపమొచ్చినప్పుడల్లా నువ్వే కదే అంటావు, ఈ ఊరొగ్గీసి మనోల వైపు పోదామని? నీకోసవే అడుగుదామనుకున్నాను. నాకైతే ఇక్కణ్నుంచి కదలాలనే లేదు."

కోపంలో నేను ఏమేమి అంటానో నాకే గుర్తుండదు. ఈ మనిషి అవన్నీ మనసులో దాచుకున్నాడు, నిజమని నమ్మాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆ పూట అడగకపోయి ఉంటే, ఒకరి కోసం ఒకరం అనుకుంటూ, ఇద్దరికీ అక్కర్లేని ఊరికి సామాను సర్దుకుని వెళ్లిపోయి ఉండేవాళ్లం.