ఉడుతపిల్లకు సాంబ్రాణి పొగ

చిక్కడపల్లిలో ఆ సందులో ఎవరింట్లో పిల్ల పుట్టినా నీళ్లు కమలాకుమారి చేతే పోయించాలి. కాళ్లు బారచాపి, పసిగుడ్డును వాటిమీద బోర్లా వేసుకుని, నూనెతో మర్దించి, నలుగు పెట్టి, చివరికి సాంబ్రాణి పొగ పట్టిందంటే ఇక ఆ పిల్ల సాయంత్రందాకా కిక్కురుమనదు. అలా అరవై మూడు మందిని గట్టెక్కించానని, ఎవరూ అడక్కపోయినా చెప్పేది. పిల్లల డాక్టర్ల మీద ఆమెది ఒకటే మాట: "వాళ్లు చీటీ చూస్తరు, నేను పిల్లను చూస్త."

తొంభై నాలుగు ఎండాకాలంలో పక్కింటి పెంకులు దింపుతుంటే గూడు చెదిరి ఒక ఉడుతపిల్ల కిందపడింది. కళ్లు తెరవలేదు, వేలెడంత కూడా లేదు. అక్కడ మట్టి మోసే పాలమూరు ఆశమ్మ, తల్లి ఉడుత వస్తుందేమోనని పొద్దంతా చూసి, చివరికి కొంగులో వేసుకుని తెచ్చింది.

"అమ్మా, నీ చేతుల పడితే బతుకుతదని తెచ్చిన."

అంతే, కమలాకుమారికి అరవై నాలుగో పిల్ల దొరికింది.

మేడమీద గదిలో కిరాయికుండే సురేశ్, అశోక్ నగర్ కోచింగుల్లో ఐదేళ్లుగా గ్రూప్ పరీక్షలకు చదువుతున్నవాడు. ఉడుతది ఏ వర్గమో, ఏ కుటుంబమో గడగడా అప్పజెప్పాడు. మరి ఏం తాగుతుందయ్యా అంటే, "అది సిలబస్‌ల లేదమ్మా" అన్నాడు.

సిలబస్‌తో ఆమెకేం పని? ఆవుపాలలో చక్కెర కలిపి ఉగ్గుగిన్నెతో పోసింది. సగం ముక్కులోకి పోయి పిల్ల తుమ్మింది. జలుబని తేల్చేసి, నువ్వులనూనె పూసి, నీళ్లు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగలో పట్టింది.

"గంత పొగేందమ్మా, చిన్న పానం!" అంది ఆశమ్మ.

"అరవై మూడు మందికి పట్టిన. ఎవరన్న సచ్చిన్రా?"

"వాళ్లు ఉడుతలు కాదు గదమ్మా."

తెల్లారేసరికి పిల్ల పొట్ట గోళీలా బిగుసుకుంది. ఊపిరి తీస్తుంటే సన్నగా టిక్కుటిక్కుమంటోంది. కమలాకుమారి గ్రైప్ వాటర్ మూత తిప్పబోయి ఆగింది. ఇది పోతే సందులో తన మాటకు విలువుండదు. అది ఒక భయం. కానీ అరచేతిలో ఆ గుండె కొట్టుకుంటుంటే పుట్టిన భయం వేరు, దానికి సందుతో సంబంధం లేదు.

"నారాయణగూడల పశువుల దవాఖాన ఉంది, పోదాం పా" అంది ఆశమ్మ.

"బర్రెల డాక్టర్ నాకు చెప్తడా?" అంటూనే రిక్షా ఎక్కింది.

డాక్టరు ఏం తాపారని అడిగితే చెప్పింది. నీళ్లు పోశారా అంటే చెప్పింది. పొగ సంగతి మాత్రం ఆశమ్మ చెప్పాల్సి వచ్చింది.

ఆయన కళ్లద్దాలు తీశాడు. "పెద్దమ్మా, పాలు ముక్కులకు పోయినయ్, తడితోని చలి పట్టింది, అది చాలదని పొగ. ఇది బతికుండుడే ఎక్కువ. ఉచ్చ పోసిందా?"

"లేదు."

"ఇంత చిన్నది, తల్లి కింద నాకితెనే పోస్తది. అందుకే పొట్ట ఉబ్బింది."

కమలాకుమారి బిత్తరపోయింది. "నాకాల్నా?"

"తడి దూదితోని కింద మెల్లగ తుడువున్రి, తాపినప్పుడల్ల. ఆవుపాలు బంద్. మేకపాలు పల్చగ, చుక్కచుక్క, పిల్లను బోర్లా పట్టి తాపున్రి. పాతగుడ్డల్ల వెచ్చగ పెట్టున్రి. నూనె, నీళ్లు, పొగ అన్నీ బంద్."

"అరవై మూడు మందిని..." అని మొదలుపెట్టింది.

"వాళ్ల తల్లులు పక్కన్నే ఉండిరి గద పెద్దమ్మా."

ఇంటికి రాగానే కమలాకుమారి డాక్టరిచ్చిన మందుచుక్క వేసి, దూది తడిపి తుడవడం మొదలుపెట్టింది. ఆశమ్మ అంబర్‌పేట్ పోయి మేకపాలు తెచ్చేదాకా తుడుస్తూనే ఉంది. పక్క సందు బాలింత ఇంటినుంచి పిలుపొస్తే, ఇయ్యాల తీరదని పంపేసింది.

చివరికి అరచేతిలో వెచ్చగా తగిలింది.

"పోసింది! ఆశమ్మా, పోసిందే!"

ఇరుగుపొరుగంతా కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆమె చెయ్యి కడుక్కోలేదు సరికదా, అందరికీ చూపిస్తోంది.

"నెమ్మదిగమ్మా," అంది ఆశమ్మ, "సొంత బిడ్డ పోసినా ఇంత సంబరపడకపోతివేమో."

"నోరు ముయ్యి. ఇంకో దూది ఇటియ్యి."