అద్దాలు అందనివాళ్ళు సున్న

ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా నిండని ఆ రోజుల్లో కంప్యూటర్ ఏం చెబితే అదే నాకు వేదవాక్కు. మనిషి ఎదురుగా నిలబడి కాదంటే మనిషినే అనుమానించేదాన్ని. (ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.) కర్నూల్లో ఒక మేడ మీద మా ఆఫీసు. మా సారు, నేను, రెండు కంప్యూటర్లు, అంతే. ఎవరో పుణ్యాత్ములు పత్తికొండలో కంటి పరీక్షలు చేయించి, అవసరమైన వాళ్ళందరికీ ఉచితంగా కళ్ళద్దాలు పంచుతుంటే, ఆ వివరాలు రాసుకునే ప్రోగ్రాం నా నెత్తిన పడింది. మనిషికొక జత, జతకొక మనిషి. డేటాబేస్‌లో మనుషులకొక పట్టిక, అద్దాలకొక పట్టిక. అద్దాలు చేతికిచ్చినప్పుడే, పుచ్చుకున్న మనిషి పేరుతో రెండో పట్టికలో ఒక వరుస చేరుతుంది. ఈ రెండింటినీ కలిపి చూపించడానికి ఓఆర్ఎం అనే సాధనం ఉంది. మనం ఒక్క ముక్క అడిగితే చాలు, మిగతా తంటాలన్నీ అదే పడుతుంది. (ఆ ఒక్క ముక్క సరిగ్గా అడగాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకమా నేను.)

ఆ రోజు పత్తికొండలోనే ఉన్నాం. పంచడం అయిపోయింది. డ్రైవరన్న మిగిలిన పెట్టెను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. అది వెళ్ళిపోతే మళ్ళీ ఏడాదికే. "ఇంకెవరికన్నా అందలేదేమో చూడమ్మా" అన్నారు సారు. అద్దాల పట్టికలో మనిషి పేరు ఖాళీగా ఉన్న వరుసలు చూపించమని ల్యాప్‌టాప్‌ను అడిగాను. సున్న. "అందరికీ అందాయి సార్, పెట్టెలోవి ఎక్కువ తెచ్చినవై ఉంటాయి" అని దర్జాగా చెప్పి ల్యాప్‌టాప్ మూయబోతుంటే, "నాకు రాలేదు పాపా" అంది ఒకావిడ. బొంతలు కుట్టే అవ్వ. మైకులో పేరు పిలిచినప్పుడు నీళ్ళు తాగడానికి పోయిందట. సూదిలో దారం ఎక్కించుకోలేక నెలల తరబడి పనే లేదట.

"రానివాళ్ళలో నీ పేరు లేదవ్వా" అన్నాను, చాలా ఓపిగ్గా.

"వచ్చినోళ్ళలో ఉండాదా?"

"అందులోనూ లేదు."

"మరి నేను యాడ ఉండాను పాపా?"

స్క్రీన్ ఆమె వైపు తిప్పి, నువ్వే చూసుకో అన్నాను. (కళ్ళు కనబడక వచ్చిన మనిషితో.)

అవ్వ కోప్పడలేదు. "అద్దాలొచ్చినోళ్ళనే అడుగుతాంటే రానోళ్ళు యాడ దొరుకుతారు. ముందు మమ్మల్నందర్నీ వరసగా పిలువు. నీకొచ్చిందా, నీకొచ్చిందా అని అడుగు."

నా మొహం మాడిపోయింది. ఈసారి మనుషుల పట్టికతో మొదలుపెట్టి, ఒక్కొక్కరి పక్కన వాళ్ళ అద్దాలు పెట్టమని, ఏమీ రాని పేర్లు మాత్రం చూపించమని అడిగాను. ఏడు పేర్లు వచ్చాయి. మూడోది అవ్వది. చెప్పులు కూడా వేసుకోకుండా వ్యాన్ దగ్గరికి పరిగెత్తాను.

"ఏం మేడమ్, అందరికీ అందినాయంటివే" అన్నాడు డ్రైవరన్న, ఎక్కించిన పెట్టె మళ్ళీ దించుతూ. సారు మైకు అందుకుని మిగతా ఆరుగురినీ పిలుస్తున్నారు.

అవ్వకు నేనే అద్దాలు పెట్టాను. ఆమె నన్ను కిందికీ పైకీ నిదానంగా చూసింది.

"ఓయమ్మా, ఇంత చిన్న బిడ్డవా నువ్వు. ఎవరో పెద్దాఫీసరమ్మ అనుకొని, నిన్ను అడగాలంటే శానా భయపడితి గదా" అంది.

నవ్వాను. ఆ భయంతో ఆమె నోరు మెదపకుండా ఇంటికి పోయి ఉంటే, నా సున్న సున్నగానే ఉండిపోయేది. ఇప్పుడు నాకూ చత్వారం వచ్చింది. ఆ రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డ పెద్దాఫీసరమ్మ, అవ్వకు కనబడినట్టే, నాకూ చిన్నపిల్లగానే కనబడుతోంది. ముద్దుగానే ఉంది, పాపం.