పేగుకూ ఆకలేస్తుంది

ఐ.పోలవరం దగ్గర హైస్కూల్లో నేను జీవశాస్త్రం టీచర్ని. పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క బల్ల మీద పడేసి బాత్రూముకి పరుగెత్తడం మొదలైన కొత్తలో పిల్లలు నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేశారు. ఆ జాలి ఇంకా కష్టంగా ఉండేది.

కాకినాడలో ఒక డాక్టరమ్మగారు కెమెరా గొట్టంతో చూసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి నెత్తురు పోతోంది. మాత్రలతో రెండు నెలల్లో తగ్గింది. తగ్గింది కదా అని, చుట్టాలాయన ఒకరిచ్చిన చూర్ణం నమ్ముకుని ఆ మాత్రలు మానేశాను. మూడు వారాలు తిరక్కుండానే జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఇంట్లో గోడ పట్టుకుని నడిచాను.

డాక్టరమ్మగారు కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "మీరు సైన్స్ టీచరు కదండీ. పెద్దపేగు గోడ ఏం తిని బతుకుద్దో పిల్లలకి ఎప్పుడైనా చెప్పేరా?" అని అడిగారు.

చెప్పలేదు. నాకే తెలియదు. మనకు అరగని పీచూ పిండీ పెద్దపేగు చేరితే అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి, బ్యుటిరిక్ ఆమ్లమనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తాయట. పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. నాలాంటివాళ్ళలో చాలామందికి ఆ సూక్ష్మజీవులు తగ్గిపోయి ఉంటాయట.

"మంట ఆర్పేది మాత్రండి. పొరకి అన్నం పెట్టేది మీ తిండి. దాని పని ఇది చెయ్యదు, దీని పని అది చెయ్యదు. ఇక మానకండి," అన్నారావిడ.

మంట తగ్గేదాకా మాత్రలతో పాటు మెత్తటి అన్నం, మజ్జిగ. ఆ తర్వాతే పీచు, అదీ కొద్దికొద్దిగా.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో అత్తయ్యగారూ నేనూ. డాక్టరు చెప్పినదంతా ఆవిడ రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. నెత్తురు ఆగాక, పెరట్లో అరటికాయ కోసి, ఉడికించి, చల్లార్చి, చిదిపి పెట్టేవారు. మొదటి వారం రెండే చెంచాలు. నేను తొందరపడి ఒకరోజు చిక్కుడుకాయ కూర తిని, రెండు రోజులు కడుపుబ్బరంతో మంచం దిగలేదు. మళ్ళీ రెండు చెంచాల దగ్గర నుంచి మొదలుపెట్టాం.

చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి అత్తయ్యగారు, నాతో పాటు ఆ చప్పిడి అరటికాయే తింటున్నారు. మీకెందుకండీ ఈ శిక్ష అన్నాను.

"ఇద్దరం తింటే కూరమ్మా. నువ్వొక్కదానివే తింటే పథ్యం," అన్నారు.

ఏడాది తిరిగేసరికి మాత్రలు వేసుకుంటూనే కంద, బచ్చలి, చిక్కుడు అన్నీ తినగలిగాను. మళ్ళీ గొట్టం వేసి చూసినప్పుడు డాక్టరమ్మగారు తెరను నావైపు తిప్పారు. ఎర్రటి పుండ్లుండే చోట లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ ఉంది పొర. నా లోపలిభాగం ఇంత అందంగా ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఆ వేసవిలో పదో తరగతి పరీక్షలకు నన్ను ఇన్విజిలేటరుగా వేశారు. మూడు గంటలకు పైగా గది వదలకూడదు. పేరు తీయించమంటారా అని హెడ్మాస్టరుగారు మొహమాటంగా అడిగారు. ఉంచమన్నాను. అయినా ఆయన, అవసరమైతే నా బదులు కూర్చోవడానికి ఒక టీచరుగారిని సిద్ధంగా ఉంచారు.

రెండో గంటలో కడుపులో ఒక మెలిక తిరిగింది. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే ఒకమ్మాయి అదనపు కాగితం కోసం చెయ్యెత్తింది. వెళ్ళి ఇచ్చి, సంతకం పెట్టి, వెనక్కి వచ్చేసరికి ఆ మెలిక దానంతటదే సర్దుకుంది. చివరి గంట కొట్టేదాకా మళ్ళీ రాలేదు.

వరండాలో ఆ టీచరుగారు ఎదురొచ్చి, "ఒక్కసారీ పిలవలేదేంటండీ?" అన్నారు.

"ఆయ్, అవసరం రాలేదండీ," అన్నాను.

జవాబు పత్రాల కట్ట రెండు చేతులా పట్టుకుని ఆఫీసు గదికి నడిచాను. ఎండ మండిపోతోంది. నీడకోసం కూడా అడుగు త్వరగా వెయ్యలేదు. డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా నేను అంత గర్వంగా నడిచి ఉండను.